ఉప్పునీటి చేపకు అమ్మవారు పోసిన ఇల్లు

నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు లేదు. మా ఇంట్లోవాళ్ళు బంధువులకు "అక్వేరియం లైన్లో ఉన్నాడు" అని చెప్పేవాళ్ళు. వాళ్ళు అది విని, కొర్రమీను ఎక్కడ బాగుంటుందో కనుక్కోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్ళు. అసలు పని ఏమిటంటే, విజయవాడలో కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ హాల్లో గాజు తొట్టిలో తిరిగే చేపలు చావకుండా చూడటం. తొంభైల్లో మొదలుపెట్టి, మోకాళ్ళు ఇక స్టూలు ఎక్కం అని మొరాయించేదాకా అదే చేశాను.

ఈమధ్య ఈ పనిలోకి దిగిన కుర్రాళ్ళు ఫోన్ చేసి, ఏ ఫిల్టరు మంచిది, ఏ లైటు మంచిది అని అడుగుతున్నారు. అవన్నీ డబ్బా మీద రాసే ఉంటాయి. డబ్బా మీద రాయనివి కొన్ని ఉన్నాయి, ముఖ్యంగా సర్జన్ చేపను పెంచే ఇళ్ళ గురించి. చేప గురించి నేర్చుకోవడానికి ఆర్నెల్లు చాలు. ఇంట్లోవాళ్ళ గురించి నేర్చుకోవడానికి నాకు సర్వీసంతా సరిపోలేదు.

తిండి దగ్గరే గొడవ

తెలియనివాళ్ళకు ఒక్క మాట. సర్జన్ చేప సముద్రపు చేప. తోక మొదట్లో రెండు పక్కలా చిన్న కత్తి ఉంటుంది. చేత్తో పట్టుకోబోతే వేలు తెగుతుంది, అందుకే ఆ పేరు. వాటిలో చాలా రకాలున్నాయి. నేను చెప్పేది లేత నీలం ఒళ్ళు, నల్లటి మొహం, వీపు మీద పసుపు రెక్క ఉండే రకం. చూసినవాడికి కొనాలనిపిస్తుంది. కొన్నవాడికి ఎందుకు కొన్నామురా అనిపిస్తుంది.

అది సముద్రంలో రాళ్ళకు పట్టిన పాచిని గీక్కుని తింటూ బతుకుతుంది. పొద్దస్తమానం మేస్తూనే ఉంటుంది, గేదె మాదిరి. అంటే దాదాపు శాకాహారి. మన చెరువుల వాళ్ళ ఇళ్ళలో రొయ్యను చూసి మొహం తిప్పుకునే ప్రాణి అదొక్కటే అయ్యుంటుంది.

ఇక్కడే మన వృత్తిలో మొదటి మోసం ఉంది. కస్టమరు మన పనిని గాజు చూసి లెక్కగడతాడు. గాజు తళతళలాడితే మనం పని చేసినట్టు, పచ్చగా ఉంటే కాఫీ తాగి పోయినట్టు. మనం గీకి పారేసేది ఆ చేప అన్నం అని ఎవరూ చెప్పరు. చెబితే, "పాచి పెంచడానికి నిన్ను పిలవడం ఎందుకయ్యా, మా మేడ మీద ట్యాంకులో బోలెడుంది" అంటారు. న్యాయమైన మాటే.

ఇంకో బాధ, ఇది బెదురుగొడ్డు. కొంచెం భయపడినా, నీళ్ళు కొంచెం తేడా చేసినా ఒళ్ళంతా తెల్ల చుక్కలు వస్తాయి. పంచదార చల్లినట్టు ఉంటాయి. కంటికి కనపడనంత పురుగు చేసే పని అది. ముదిరితే చేప ఊపిరాడక పోతుంది.

జిలానీ గారి నాలుక

అంతకుముందు నేను ఆటోనగర్‌లో బేరింగుల షాపు కౌంటర్లో ఉండేవాణ్ణి. ఎవరో వచ్చి నంబరు చెబితే, వెనక అరలోంచి తీసి ఇవ్వడం. ఆ నూనె కాగితాల వాసన ఇప్పటికీ నాకు పడదు. ఒకసారి వన్‌టౌన్‌లో జిలానీ గారి షాపులో మొదటిసారి ఉప్పునీటి తొట్టి చూశాను. పొద్దున చూడటానికి నిలబడినవాణ్ణి సాయంత్రం ఆయనే బయటికి పంపించారు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. "చూసేది ఎట్లాగూ చూస్తావు, ఆ బకెట్ అందుకో" అన్నారు. అదే నా అపాయింట్‌మెంట్ ఆర్డరు.

జిలానీ గారి సొంతూరు బందరు. అందుకని బంగాళాఖాతం తమ పెద్దల ఆస్తి అయినట్టు మాట్లాడేవారు. మనిషి మంచివారు, పిసినారి కాదు, కానీ తన మాటకు తనే పెద్ద అభిమాని. షాపులో ఎవరూ చేప చచ్చిపోయింది అనకూడదు, "తగ్గింది" అనాలి. "రావుగారింట్లో ఒకటి తగ్గిందండీ" అంటే ఆయన తలపంకించి, "కస్టమరు ఏం చేశాడు?" అనేవారు. చేప తనంతట తను చావదు, కస్టమరే చంపుతాడు అన్నది ఆయన సిద్ధాంతం. అనుభవం మీద చెబుతున్నాను, అందులో ముప్పాతిక నిజం ఉంది. మిగతా పాతిక మా వాటా.

ఆ వాటా ఎలా వచ్చిందంటే, అప్పట్లో సముద్రపు నీళ్ళు మంగినపూడి నుంచి క్యాన్లలో వ్యాన్ మీద తెచ్చేవాళ్ళం. ఉప్పు ఎంతుందో చూడటానికి మీటరు కొందామని నేనంటే, జిలానీ గారు నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "అల్లా ఇచ్చిన మీటరు ఉండగా ఇంకోటి ఎందుకు?" అనేవారు. మామూలు రోజుల్లో గడిచిపోయింది. వానాకాలంలో బ్యారేజీ గేట్లు ఎత్తితే కృష్ణమ్మ అంతా వెళ్ళి సముద్రంలో పడుతుంది. ఒడ్డు పొడుగునా నీళ్ళు చప్పబడతాయి. జర్దా కిళ్ళీ నమిలే నాలుకకు ఆ తేడా తెలియదు. ఆ సీజన్లో రెండు ఇళ్ళలో రెండు సర్జన్ చేపలు తగ్గాయి.

తర్వాత మీటరు కొన్నారు. అది కూడా చేపలు బలహీనమైనవి వచ్చాయని తిట్టుకుంటూనే కొన్నారు. కొన్నరోజే నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"శీనూ, ఇంకొక్కటి తెప్పిస్తా. ఇది కూడా తగ్గిందంటే ఉప్పునీళ్ళు బంద్. గోల్డ్‌ఫిష్‌లు పెట్టుకుని నేనొక్కణ్ణే కూర్చుంటా. నువ్వు నీ బేరింగుల దగ్గరికి పో."

ఆయన కోపంగా అనలేదు, అందుకే భయం వేసింది.

ఏసీ గదిలో ముగ్గురు

మూడో చేప పటమటలో ప్రసాదరావు గారింటికి వెళ్ళింది. ఆయనకు కైకలూరు వైపు చెరువులు. రొయ్యల్లో పైకి వచ్చి, పోయి, మళ్ళీ చేపల్లో పైకి వచ్చిన మనిషి. "నేను చేపల్తో పుట్టానయ్యా" అనేవారు. ఆయనకు ఎవరి మాటా చెవికెక్కదు. షుగరు డాక్టరు చెప్పినా వినరు, బ్యాంకువాళ్ళు చెప్పినా వినరు. పద్మగారు, అంటే వాళ్ళావిడ, చెప్పడం ఎప్పుడో మానేసింది. ఆయన తల వంచేది ఒక్కచోటే. ఏటా చెరువులో చేపపిల్ల వదిలేముందు ఊళ్ళో అమ్మవారి గుడికి వెళ్ళి కోడిని ఇచ్చి వస్తారు. ఒక ఏడాది పూజారి ఇవాళ వద్దు అన్నాడని, గట్టు మీద లోడుతో వచ్చిన వ్యాన్‌ను వెనక్కి పంపించారట. ఆ పిల్లలో ఎన్ని బతికాయో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

విజయవాడ ఎండల్లో ఉప్పునీటి చేప బతకాలంటే ఏసీ కావాలి. ప్రసాదరావు గారు చేప కోసం గదికి ఏసీ పెట్టించారు. అప్పటిదాకా "ఏసీ నాకు పడదు, ఒళ్ళు నొప్పులు" అంటూ వచ్చిన ఆయన తల్లి రత్తమ్మ గారు, చేపను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలని చెప్పి మంచం ఆ గదిలో వేయించుకుంది. ఒళ్ళు నొప్పుల మాట మళ్ళీ వినపడలేదు. మూడో శాల్తీ నేను. వారానికి రెండుసార్లు వెళ్ళి, ఆ చల్లదనంలో అవసరానికి మించి పనిచేసేవాణ్ణి.

ఆ ఇంట్లో చేపకు వచ్చిన మొదటి ప్రమాదం మర్యాద. మన వైపు ఇంటికి వచ్చినవాడిచేత కడుపు పగిలేదాకా తినిపించకపోతే మనకు నిద్రపట్టదు కదా. చేప కూడా అంతే అనుకున్నారు. చుట్టం వస్తే చేతిలో ఒక రొయ్యముక్క పెట్టి, "వెయ్యండి, మీ చేత్తో తింటుందేమో" అనేవాళ్ళు. అది తినేది కాదు. ముక్క రాళ్ళ సందులో పడి కుళ్ళేది. నేను వెళ్ళి ఏరేవాణ్ణి. పాలకూర ఉడకబెట్టి వేయండి అంటే ప్రసాదరావు గారు నా వైపు జాలిగా చూశారు. "మా ఇంట్లో చేపకి పాలకూరా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

పద్మగారిది ఇంకో రకం. ఎవరైనా వచ్చేముందు గాజూ, రాళ్ళూ నాచేత రుద్దించేది. రుద్దాను. రెండు నెలలకు చేప పొట్ట లోపలికి పోయి, పక్కనుంచి చూస్తే కాగితంలా అయింది.

చుక్కలు

వాళ్ళ చిన్నపిల్ల పుట్టినరోజు పండగ ఒకటి జరిగింది. గది నిండా జనం, గాజు మీద వేళ్ళతో కొట్టడాలు, రాత్రంతా లైట్లు. రెండ్రోజుల తర్వాత వెళ్తే, నల్లటి మొహం మీద తెల్ల చుక్కలు. రెక్కల మీద ఇంకా ఎక్కువ. చేప వెళ్ళి రాయికి ఒళ్ళు రాసుకుంటోంది.

నేను నోరు తెరిచేలోపే ప్రసాదరావు గారు లోపలికి వచ్చారు. చేతిలో చెరువుల్లో జబ్బులకు చల్లే మైలుతుత్తం పొట్లం. చెరువు షెడ్డులోంచి తెప్పించారట. "ఇంత దానికి కంగారెందుకు, గుప్పెడు పోస్తే సాయంత్రానికి చుక్కలు ఉండవు" అన్నారు. సాయంత్రానికి చేప కూడా ఉండదు అని నేను లోపల అనుకున్నాను. పైకి, ఈ రాళ్ళ నిండా చిన్న చిన్న ప్రాణులున్నాయనీ, ఆ మందుకు అవన్నీ చచ్చి నీళ్ళు విషమవుతాయనీ, చేపను వేరే తొట్టిలోకి మార్చి కొలత చూసి మందు వేయాలనీ చెప్పాను. రేపు పొద్దున్నే తొట్టి తెస్తానన్నాను. చెరువులో నేను చూసిన చుక్కలెన్ని, నువ్వు చూసినవెన్ని అని ఆయన అడిగారు. రత్తమ్మ గారు మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరించుకుంటూ అంతా వింటోంది.

బయటికి వచ్చాను. ఆయన రేపటిదాకా ఆగరని నాకు తెలుసు. ఆటోనగర్ బస్సు కనపడితే అందులో ఎక్కేసి పాత ఓనరు కాళ్ళ మీద పడదామా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే తొట్టి స్కూటర్ మీద కట్టుకుని వెళ్ళాను. గేటుకు వేపమండలు కట్టి ఉన్నాయి. ఇంట్లో పిల్లకు ఆటలమ్మ వచ్చిందేమో అనుకుని గేటు అవతలినుంచే అడిగాను. పద్మగారు వరండాలో నిలబడి, గొంతు తగ్గించి చెప్పింది.

"పిల్లకి కాదండి, చేపకి. అమ్మవారు పోసిందని అత్తయ్య గారన్నారు. మీరు లోపలికి రాకూడదు."

నేను చదువుకున్నది బీకాం. ఇలాంటి పరిస్థితి సిలబస్‌లో లేదు.

వేపమండల రోజులు

జిలానీ గారికి చెప్పాను. ముందు పడీ పడీ నవ్వారు. గోడ దూకైనా లోపలికి పోతానంటే నవ్వు ఆపేశారు. "వద్దు. చిన్నప్పుడు నాకు వస్తే మా అమ్మీ కూడా గుమ్మానికి వేపాకే కట్టింది. ఆ గడప దాటొద్దు" అన్నారు. కస్టమరును పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారు కానీ ఆ పని చేయడానికి కాదు. ఆ ఒక్క విషయంలో ఆయన మీద నాకు అప్పుడు చాలా కోపం వచ్చింది, ఇప్పుడు గౌరవం ఉంది.

ఇక ఫోనే దిక్కు. పద్మగారు రోజూ చెప్పేది. రత్తమ్మ గారు అన్నీ పద్ధతిగా నడిపిస్తోంది. గదిలో లైటు వెయ్యకూడదు, కిటికీ వెలుతురు చాలు. గాజు రుద్దకూడదు, ఏదీ తుడవకూడదు. చుట్టాలు రాకూడదు. తొట్టి దగ్గర గట్టిగా మాట్లాడకూడదు. మందు మాట ఎత్తకూడదు, అమ్మవారికి కోపం వస్తుంది. ఇంట్లో నీచు వండకూడదు, తాలింపు పెట్టకూడదు. చేపకు కూడా చలవ చేసే ఆకే వేయాలి. పాలకూర ఉడకబెట్టి, చల్లార్చి, ఉప్పు లేకుండా, రోజూ ఆవిడే తన చేత్తో వేస్తోంది. అన్నిటికన్నా ఘోరం, ఇంటి యజమాని గడ్డం గీసుకోకూడదు.

ప్రసాదరావు గారు అన్నిటికీ తల వంచారు. పొట్లం తిరిగి షెడ్డుకు పంపించేశారు. చప్పిడి పప్పూ పెరుగన్నం తిని, మాసిన గడ్డంతో చెరువుల మీదికి వెళ్ళేవారు. అక్కడివాళ్ళు ఏ దీక్షో వేసుకున్నారనుకుని "స్వామీ" అని పిలవడం మొదలుపెట్టారు. చేపకు అమ్మవారు పోసిందని చెప్పలేక ఆయన స్వామిగానే ఉండిపోయారు.

నేను మాత్రం ఆశ వదులుకున్నాను. ఒకరోజు ఆటోనగర్ వెళ్ళి పాత ఓనర్ని పలకరించాను కూడా. నా స్టూలు అలాగే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు. అది చూసి ఇంటికి వచ్చి అన్నం తినలేదు. మళ్ళీ ఆ వాసనలో రిటైరయ్యేదాకా కూర్చోవడం తలుచుకుంటే ఏడుపొచ్చింది.

తలంటు

మూడు వారాలు దాటాక ఫోన్ వచ్చింది. చుక్కలు పోయాయట. అమ్మవారు శాంతించిందట. ఇక పసుపూ వేపాకూ కలిపిన నీళ్ళతో చేపకు స్నానం చేయించాలి, మీరుంటే బాగుంటుంది, రండి అన్నది పద్మగారు.

అంత జోరుగా స్కూటర్ నేను ముందూ నడపలేదు, తర్వాతా నడపలేదు. వెళ్ళేసరికి పెద్ద గంగాళం నిండా పసుపు నీళ్ళు, తేలుతున్న వేపాకు, పక్కన చిన్న వల. ప్రసాదరావు గారు మెడమీదికి పెరిగిన గడ్డంతో, ఎప్పుడెప్పుడు అయిపోతుందా అన్నట్టు నిలబడ్డారు.

తొట్టి వైపు చూశాను. గాజు పచ్చగా బూజు పట్టినట్టుంది. రాళ్ళ మీద పాచి వెంట్రుకల్లా పెరిగింది. నేను చూసిన తొట్టెల్లో అంత మురికిది లేదు. దాని మధ్యలో సర్జన్ చేప, పొట్ట నిండి, రంగు తేలి, రాయి మీద పాచిని టకటకా పీకి తింటోంది. నేను అక్కడే కూలబడి కళ్ళు తుడుచుకున్నాను. పొగ వల్ల అని చెప్పాను. ఇంట్లో పొగ లేదు.

పసుపు నీళ్ళ గండం ఇంకా ఉంది. రత్తమ్మ గారితో అన్నాను, ఇది సముద్రంలో పుట్టినది కదమ్మా, దీనికి తలంటు అంటే కొత్త ఉప్పునీళ్ళే, ఆ పసుపు నీళ్ళు తొట్టికి బయట గాజు మీద చల్లితే చాలు అని. గట్టిగా వాదించడానికి సిద్ధపడి వెళ్ళాను. ఆవిడ వెంటనే "సరే, అట్టాగే కానీ" అంది. ప్రసాదరావు గారు ఆ మాట పూర్తయ్యేలోపే గడ్డం గీసుకోవడానికి వెళ్ళిపోయారు.

కొత్తగా వచ్చే పిల్లలకు ఇక్కడ స్పష్టంగా చెబుతున్నాను. చుక్కలు వచ్చిన చేపను ఊరికే వదిలేస్తే చాలావరకు పోతుంది. మీరు వేరే తొట్టి పెట్టండి, కొలిచి మందు వేయండి. ఈ చేపకు కొంత అదృష్టం కలిసొచ్చింది. కానీ అదృష్టం పనిచేయడానికి చోటు దొరికింది కూడా. ముక్కలు వేసేవాడు లేడు, గాజు కొట్టేవాడు లేడు, రుద్దేవాడు లేడు, కడుపునిండా మేత ఉంది. ఆ తర్వాత నేను సర్జన్ చేప ఇచ్చిన ప్రతి ఇంట్లో, మొదటి నెల ఇంట్లో అమ్మవారు ఉన్నట్టు ఉండండి అని చెప్పేవాణ్ణి. జిలానీ గారు తమ వాళ్ళ ఇళ్ళలో, బాలింత నలభై రోజులు ఉన్నట్టు అనుకోండి అనేవారు. రెండు మాటల్లో అందరికీ అర్థమయ్యేది. ఇంగ్లీషు పుస్తకం చూసి గంటసేపు చెప్పినప్పుడు ఎవరికీ అర్థం కాలేదు.

ఉప్పునీళ్ళు బంద్ కాలేదు. చేప గట్టిది ఎంచి తెప్పించానని జిలానీ గారు, అమ్మవారు చల్లగా చూసిందని ప్రసాదరావు గారు చెప్పుకున్నారు.

రత్తమ్మ గారి వైద్యం

ఆరోజు నీళ్ళు మార్చడం అయ్యేసరికి గదిలో ఆవిడా నేనే మిగిలాం. నేను క్యాన్లు సర్దుకుంటూ మాటవరసకు, అమ్మవారి దయ అమ్మా అన్నాను. ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, చేత్తో దగ్గరికి రమ్మంది.

"అమ్మవారు ఎట్టా ఉంటదో నాకు తెలవదా అబ్బాయ్? నలుగురు పిల్లల్ని కన్నాను. అది చేపల జబ్బు. చెరువులో ఎన్నిసార్లు చూళ్ళేదు."

మరి వేపమండలు ఎందుకు కట్టించారని అడిగాను.

"నువ్వు అటు పోగానే వాడు పొట్లం ఇప్పాడు. జబ్బంటే పోసేత్తాడు. అమ్మవారంటేనే ఆగుతాడు. నువ్వు చెప్తే వినలా, నేను చెప్తే వింటాడా?"

చెరువులో ఆ మందు పనిచేస్తుంది కదా, మరి ఇక్కడ ఎందుకు ఆపాలనిపించింది అన్నాను. ఆవిడ చేప వైపు తిరిగింది. అది ఆవిడ చెయ్యి కనపడగానే పాలకూర కోసం గాజు దగ్గరికి వచ్చి నిలబడింది.

"పనిచేస్తది. చెరువులో వేలల్లో ఉంటాయి. పోయినయ్యి పోగా మిగిలినయ్యి చాలు వాడికి. ఇక్కడ ఇదొక్కటే గదా."

నా ఉద్యోగం ఆవిడ ఆడిన ఆ అబద్ధం మీద నిలబడిందని చెప్పి దండం పెట్టాను. నా ఉద్యోగం సంగతి ఆవిడకు అసలు తెలియదు, పట్టలేదు కూడా. ఆకు కాడ తుంచి నీళ్ళలో వేస్తూ, "మావాడికి చెప్పమాక. పొద్దున షుగరు మాత్రలు ఏసుకోనన్నాడు. మళ్ళీ అమ్మవారితోనే పనుంది" అంది.